పేషెంట్‌తో మాట్లాడటం నేర్పితే వచ్చేదేనా?

మెడికల్ స్టూడెంట్స్‌కి పేషెంట్‌తో ఎలా మాట్లాడాలో ఉత్తుత్తి పేషెంట్లతో, కంప్యూటర్ సిమ్యులేషన్‌తో నేర్పితే నిజంగా వస్తుందా అని కదా అడిగారు. వస్తుందండి. నేను డాక్టర్ని కాదు, ఆ ఉత్తుత్తి పేషెంట్‌ని. వైజాగ్‌లో ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడేవాణ్ణి, రిటైరయ్యాక ఓ ప్రైవేటు మెడికల్ కాలేజీ వాళ్ళు పిలిస్తే వెళ్తున్నా.

నా వేషం షుగరున్న లారీ డ్రైవరు. కాళ్ళు తిమ్మిర్లు, టాబ్లెట్లు మానేసి నాటు మందు, రాత్రయితే క్వార్టరు. పక్కన కూతురి వేషంలో ఒకమ్మాయి. ఆ పిల్ల ఉండగా తాగుడు సంగతి చచ్చినా చెప్పకూడదు, అదీ రూలు. ఒక కుర్రాడు, క్లాస్ టాపరంట, కూర్చుంటూనే "తాగుతారా? సిగరెట్టా? ఎన్నేళ్ళ నుంచి?" అని ఎస్సై అడిగినట్టు అడిగాడు. "ఛఛ, లేదు బాబూ" అన్నా. రాసేసుకున్నాడు! తర్వాతొచ్చిన అమ్మాయి "చెప్పండి బాబాయ్, ఏది ఎక్కువ ఇబ్బంది పెడుతోంది" అని ఊరుకుంది, నేను కావాలనే లారీ, టైర్లు, ఓనరు బాకీ అంటూ సాగదీసినా ఆపలేదు, కాసేపాగి కూతురితో "అమ్మా, ఈ రిపోర్టులు జిరాక్స్ తీయించుకొస్తారా" అంది. పిల్ల అటెళ్ళగానే మొత్తం కక్కేశా.

అయిపోయాక వేషం పక్కనపెట్టి, ఎవరు ఎక్కడ నా నోరు మూయించారో మొహం మీదే చెప్తాను. అసలు చదువు అదే. పాడేరు నుంచి తెల్లారకుండా బస్సెక్కి వచ్చినోడు "మీరు నా మాట వినలేదు సార్" అంటాడా ఎక్కడైనా? దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. అమెరికాలో 1984లో లెక్కేస్తే పేషెంటు మొదలెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్లు అడ్డుపడ్డారట, మన ఓపీ క్యూల్లో అదీ ఎక్కువే.

ఈ ఉత్తుత్తి పేషెంట్ల పద్ధతేం కొత్త కాదు కూడా, 1963లోనే హోవార్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు లాస్ ఏంజెలెస్‌లో మొదలెట్టాడు. మనకి 2019 ఎంబీబీఎస్ బ్యాచ్ నుంచి ఎట్‌కామ్ అని, అంటే డాక్టరు నడవడిక, నీతి, మాటతీరు నేర్పే పాఠాలు, సిలబస్‌లో పెట్టారు, చాలాచోట్ల ఫైల్లో సంతకాలతో సరి.

కంప్యూటర్ పేషెంటా? ప్రశ్నల వరస వరకూ పర్లేదు. దానికి కూతురి ముందు సిగ్గేస్తుందా? అయినా వాటికైతే లక్షలు పోస్తారు, మాకు ఆటో చార్జీలు, ఒక సమోసా. పోయినసారి సమోసా కూడా ఎగ్గొట్టారు.