రోజుకో ఫొటో నలభయ్యో రోజుకే ఆగిపోతే

ఉప్పల్‌లో రోజుకో ఫొటో మొదలుపెట్టాను, నలభై రోజులకే తీయడానికి ఏమీ మిగల్లేదు, పైగా జనం ఎందుకు తీస్తున్నావని నిలదీస్తున్నారు అన్నారు కదా. నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయాను.

కొత్త చోట్లు వెతకడం మానేయండి. చూసిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లండి. 2023లో తెరిచిన రింగ్ రోడ్డు స్కైవాక్ మీద ఒక మూల ఎంచుకుని, పొద్దున ఆరున్నరకి ఒకటి, వాన వెలిసిన సాయంత్రం ఒకటి, వినాయక నిమజ్జనం రోజు ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మీ వీధిలో అపార్ట్‌మెంట్ కడుతుంటే ఇంకా మంచిది, స్లాబు పడ్డప్పుడల్లా ఒక ఫొటో.

జనం సంగతంటారా, ముందు టీ తాగండి, తర్వాత ఫోన్ బయటికి తీయండి. మా ఇస్త్రీ బండి ఆయనకి ఒక ప్రింటు ఇచ్చాను, ఇప్పుడు ఆయనే పిలిచి మరీ నిలబడతాడు. ముఖం వద్దంటే చేతులు తీయండి. బొగ్గుల ఇస్త్రీపెట్టె పట్టుకున్న చేతులు నాకైతే ముఖం కంటే నచ్చాయి. పిల్లల్ని మాత్రం పెద్దవాళ్లని అడక్కుండా తీయొద్దు.

ఒకరోజు తప్పితే టెన్షన్ పడకండి. పాత ఫొటోతో నింపకుండా ఆ రోజు ఖాళీగానే వదిలేయండి. ఫైలు పేరు 2025-07-14 లాగా సంవత్సరంతో మొదలుపెడితే వరసలో అవే సర్దుకుంటాయి.