రద్దు పత్రం వద్దు, దస్తావేజు చదవండి

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. నాన్న పోయాక, 2019లో ఇల్లు అన్నయ్య పేర గిఫ్ట్ సెటిల్‌మెంట్ రాసింది. నాలుగేళ్లుగా ఆమెను వెనక రేకుల గదిలో ఉంచారు. పింఛను ఏటీఎం కార్డు కూడా అన్నయ్య దగ్గరే. సంక్రాంతికి వెళ్తే మణికట్టు విరిగి సిమెంటు కట్టు వేసి ఉంది. బాత్రూంలో పడిందన్నారు. రాత్రి అమ్మ నాతో, 'వాడే తోశాడు, ఎవరితోనూ అనకు' అంది. దస్తావేజు లేఖరి రద్దు పత్రం రాసిస్తానంటున్నాడు. చేయించమంటారా?
- ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: చేయించవద్దు. ఇచ్చిన గిఫ్టును తనంతట తానే రద్దు చేసుకోవడానికి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 126 ఒప్పుకోదు. ఆ కాగితంతో లేఖరికి ఫీజు ముడుతుంది, మీకు ఇంకో దావా చుట్టుకుంటుంది.

మీరు పంపిన జిరాక్స్‌లో మొదటి పేజీ, చివరి పేజీ మాత్రమే ఉన్నాయి. చివరి పేజీలో రెండో సాక్షి సంతకం మీదే. అమ్మ ఇల్లు చేతులు మారుతుంటే మధ్య పేజీల్లో ఏముందో చదవలేదా? కేసంతా ఆ పేజీల్లోనే ఉంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. 'జీవితాంతం పోషించవలెను' లాంటి మాట ఉంటే 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టం సెక్షన్ 23 పనిచేస్తుంది. ఆ షరతు తప్పితే మోసంతో రాయించుకున్నట్టే లెక్క. అసలు షరతు ఉందని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం, కొడుకు విడిగా రాసిచ్చిన వాగ్దాన పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఆస్తి తల్లికి ఇప్పించింది. కాబట్టి పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితం, పాత వాట్సాప్ మెసేజ్, ఏదున్నా వెతకండి. సంతకాల రోజు మీ అన్నయ్య ఏమన్నాడో సాక్షిగా మీరూ చెప్పవచ్చు. చదవకుండా పెట్టిన సంతకం అక్కడైనా అక్కరకొస్తుంది.

మోసమంటూ సివిల్ దావా వేద్దామంటే, సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. 'నాలుగేళ్లుగా' అని మీరే రాశారు. సెక్షన్ 23లో అలాంటి గడువు రాయలేదు. ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్‌లో అమ్మగారి పేరుతో అర్జీ పెట్టండి. అందులోనే నెలవారీ పోషణ ఖర్చు కూడా అడగండి. దీనికి లాయరు అక్కర్లేదు (నా ఫీజు పోయినా సరే).

ఇక చెయ్యి సంగతి. ఎముక విరగ్గొట్టడం తీవ్ర గాయం కింది నేరం, ఏడేళ్ల వరకు శిక్ష. దానికి కాలపరిమితి అడ్డురాదు గానీ, ఆస్పత్రి కాగితాలు మీ కోసం కాచుకుని ఉండవు. డిశ్చార్జ్ సమ్మరీలో 'బాత్రూంలో జారిపడినట్టు' అన్న లైను ఎవరు చెబితే రాశారో చూడండి. కొడుకు చెబితే రాసుంటే అది ఆమె మాట కాదు. కేస్ షీట్, ఎక్స్‌రే కాపీలు ఈ వారమే తీసుకోండి. ఫిర్యాదు మాత్రం ఆమె నోటితోనే రావాలి. ముందు పది రోజులు మీ ఇంట్లో ఉంచుకోండి, భయం తగ్గాక అడగండి. ఈలోపు ఆమెను బ్యాంకుకు తీసుకెళ్లి ఆ కార్డు బ్లాక్ చేయించి, నాలుగేళ్ల స్టేట్‌మెంట్ తీసుకోండి.

అర్జీలో ఇల్లు తిరిగి అమ్మగారి పేరనే అడగండి. మీ వాటా గురించి ఒక్క ముక్క రాసినా, మీ అన్నయ్య ఆర్డీఓకి ముందు చూపించేది దాన్నే.