ఒక్క జీతంతో ఇల్లు గడవాలంటే

ప్రశ్న: నమస్కారమండీ. నాకు 30 ఏళ్ళు. హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీలో ఆరేళ్ళకు పైగా పనిచేస్తున్నాను. నాకు చేతికి 34,000 వస్తుంది, మావారికి 62,000 వస్తుంది. ఐదేళ్ళ పాప, పది నెలల బాబు ఉన్నారు. మామగారికి పక్షవాతం రావడంతో ఇన్నాళ్ళూ పిల్లలను కనిపెట్టుకుని ఉన్న అత్తయ్యగారు ఊరికి వెళ్ళిపోయారు. బాబును డేకేర్‌లో వేసినప్పటి నుంచి నెలలో పది రోజులు జ్వరమో జలుబో ఉంటూనే ఉంది. అందుకే ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. అద్దె, మెయింటెనెన్స్ కలిపి 17,000, బండి వాయిదా 4,200, ఊరికి పంపేది 5,000, చీటీకి 5,000 పోతాయి. చీటీ 20 నెలలది, ఇంకా ఐదు వాయిదాలున్నాయి, మేము పాడలేదు. క్రెడిట్ కార్డు బాకీ 24,000 ఉంది. ఆరోగ్య బీమా మా అందరికీ నా ఆఫీసు నుంచే ఉంది. మిగతా ఖర్చుల జాబితా విడిగా జతచేశాను. ఒక్క జీతంతో మాకు గడుస్తుందా? ఇంకొక మాట చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంది. ఇన్నేళ్ళూ నా డబ్బు నేను సంపాదించుకున్నాను, రేపటి నుంచి ప్రతి పది రూపాయలకూ ఆయనను అడగాలంటే మనసు ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: గడుస్తుంది. అయితే వచ్చే నెలే రాజీనామా ఇస్తే గడవదు, ఐదు నెలలు ఆగి ఇస్తే గడుస్తుంది. ఆ తేడా ఎక్కడుందో మీరు పంపిన లెక్కలతోనే చెబుతాను.

ముందుగా మీ 34,000 జీతంలో ఇంటికి నిజంగా మిగులుతున్నదెంతో చూడండి. బాబు డేకేర్‌కు 12,000, బడి వదిలాక పాపను ఉంచుతున్నందుకు 4,500, మీ రాకపోకలకు 3,200, వంటమనిషికి 3,500, అలసిపోయి వచ్చిన సాయంత్రాలు కర్రీ పాయింట్‌లోనూ టిఫిన్ బండి దగ్గరా అవుతున్నది 4,000 అని మీరే రాశారు. ఇవన్నీ మీరు ఉద్యోగానికి వెళుతున్నందువల్ల అవుతున్న ఖర్చులు. వాటి మొత్తం 27,200. కాబట్టి మీరు మానేస్తే ఇంటికి తగ్గేది 34,000 కాదు, 6,800 మాత్రమే. దీనికి పీఎఫ్‌ను కూడా కలపాలి. చాలా కంపెనీల్లాగా మూల వేతనంలో 15,000 వరకే లెక్కలోకి తీసుకుని కడుతుంటే మీ వాటా 1,800, కంపెనీ వాటా మరో 1,800 నెలనెలా ఆగిపోతాయి. ఏటా పెరిగే జీతం, మళ్ళీ చేరాలనుకున్నప్పుడు ఎదురయ్యే ఇబ్బంది కూడా నష్టాలే, వాటిని నేను చిన్నవి చేసి చెప్పను. అయినా ఇప్పటి లెక్కలో మీరు భయపడుతున్నంత గొయ్యి లేదు.

రాజీనామా ఇచ్చేలోపు మరొక్క విషయం కనుక్కోండి. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం సదుపాయం కల్పించాలనీ, తల్లి రోజుకు నాలుగు సార్లు అక్కడికి వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ చేర్చారు. మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు. ఆ సదుపాయం ఉండి, బాబును మీ దగ్గరలోనే ఉంచుకోగలిగితే మీ ఆలోచన మారవచ్చు, మారకపోవచ్చు, కానీ అడగకుండా మానేయకండి.

ఇక మీవారి 62,000 సంగతి. మీరు ఉత్తరంలో రాసిన నాలుగు పద్దులు కలిపితే 31,200. జాబితాలోని పాప బడి ఖర్చు ఏడాదికి 60,000, అంటే నెలకు 5,000. సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాస్ 14,000. కరెంటు, ఫోన్లు, నెట్ 3,000. పెట్రోలు 2,500. డైపర్లు, మందులు 2,000. మొత్తం 57,700 పోగా 4,300 మిగులుతుంది. ఇక్కడే చాలా ఇళ్ళలో లెక్క తప్పుతుంది, ఎందుకంటే బోనాలకూ దసరాకూ కొనే బట్టలు, ఊరి ప్రయాణాలు, పెళ్ళిళ్ళలో చదివింపులు, బండి బీమా, ఆరోగ్య బీమా ప్రీమియం నెలవారీ జాబితాలో ఎవరూ రాసుకోరు, అవి వచ్చిన నెలలో కార్డు గీకి, తరువాత వడ్డీతో కడతారు. మీ 24,000 బాకీ కూడా అలా పుట్టిందేనని జాబితా చూస్తే తెలుస్తోంది. వీటికి ఏడాదికి 48,000 అనుకుంటే నెలకు 4,000 పక్కన పెట్టాలి. చివరికి మిగిలేది 300. మీరు ఇంట్లో ఉంటే ఎండాకాలం పగటిపూట కూలర్ తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, ఆ 300 కూడా ఉండదు.

అందుకే ఐదు నెలలు ఆగమంటున్నాను. ఈ ఐదు నెలలూ ఇల్లంతా మీవారి జీతంతోనే నడవాలి, మీ జీతం నుంచి డేకేర్ మొదలైన ఆ 27,200 మాత్రమే తీయాలి. మిగిలే 6,800 ప్రతి నెలా కార్డుకే కట్టండి. నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడినా నాలుగు నెలల్లో బాకీ తీరిపోతుంది. ఈలోగా ఆ కార్డుతో కొత్తగా ఏమీ కొనకూడదు, వాయిదాల్లో ఫోను కూడా కొనకూడదు. ఒక్క జీతంతో బతకడం ఎలా ఉంటుందో జీతం పోకముందే మీ ఇద్దరికీ తెలుస్తుంది. ఎక్కడ బిగుసుకుపోతోందో అప్పుడే కనబడుతుంది.

ఐదో నెలకు మీ చీటీ కూడా అయిపోతుంది. మీరు దాన్ని ఖర్చుల్లో రాశారు, కానీ అది పొదుపు. తొందరపడి ఇప్పుడు పాడి డబ్బు తగ్గించుకోకండి. చివరి దాకా ఆగితే నిర్వాహకుడి కమిషన్ పోను లక్షకు దగ్గరగా చేతికి వస్తుంది. ఇది రిజిస్టరైన చీటీయేనా, తెలిసినవారెవరో వేస్తున్నదా అన్నది మీరు రాయలేదు. తెలిసినవారి చీటీ అయితే దీని తరువాత మరొకటి వేయకండి, ఒక్క జీతం మీద ఆధారపడిన ఇల్లు ఆ ప్రమాదాన్ని భరించలేదు.

మీకు రావలసిన గ్రాట్యుటీని, అంటే మానేసేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తాన్ని వదులుకోకండి. ఐదేళ్ళు నిండినవారికి అది హక్కు, పైగా ప్రసూతి సెలవు 26 వారాలూ సర్వీసులో కలుస్తాయి. మూల వేతనం 17,000 అన్నారు కనుక దాన్ని 15తో హెచ్చించి, 26తో భాగించి, ఆరు సంవత్సరాలకు లెక్కకడితే సుమారు 58,800 అవుతుంది. చీటీ డబ్బుతో కలిపితే మీ ఇంటికి దాదాపు మూడు నెలల ఖర్చు. ఈ మొత్తాన్ని బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేసి, ఆసుపత్రి అవసరానికో మీవారి ఉద్యోగానికి ఏదైనా జరిగినప్పుడో తప్ప కదపకూడదని ఇద్దరూ మాట అనుకోండి. పీఎఫ్ మాత్రం తీయవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ ఖాతాలో వడ్డీ పడుతూనే ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, పీఎఫ్‌తో వచ్చే పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి, మీకు ఆరేళ్ళు ఇప్పటికే ఉన్నాయి. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక అదే యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ) నంబరుతో మళ్ళీ చేరితే మిగతా నాలుగేళ్ళే పూర్తిచేయాలి. పింఛను వాటా డబ్బు కూడా తీసేస్తే ఆ ఆరేళ్ళూ పోయినట్టే.

ఆరోగ్య బీమా ఆఫీసుది కనుక మీ చివరి పనిదినంతో ఆగిపోతుంది. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. అదే బీమా సంస్థలో కుటుంబ పాలసీకి మారే వీలుంటుందేమో, ఇప్పటిదాకా గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారేమో రాజీనామాకు ముందే రాతపూర్వకంగా అడగండి. కొత్త పాలసీ తీసుకుంటే ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులూ, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ వరకూ వర్తించకపోవచ్చు, అందుకే పాతది ఉండగానే కొత్తది మొదలవ్వాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంలపై జీఎస్టీ లేదు, అది మీకు కొంత ఊరట. మీవారి పేరు మీద టర్మ్ పాలసీ, అంటే ఆయనకేమైనా అయితేనే సొమ్ము వచ్చే జీవిత బీమా కూడా తప్పనిసరి. దాన్ని 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద రాయించమనండి, అప్పుడు ఆ సొమ్ము మీకూ పిల్లలకే చెందుతుంది, అప్పులవాళ్ళు దాని జోలికి రాలేరు. దరఖాస్తు నింపేటప్పుడే ఈ మాట చెప్పాలి, తరువాత కుదరదు.

ఇప్పుడు మీరు మొహమాటపడుతూ రాసిన చివరి మాట. నేనూ మా అబ్బాయి పుట్టాక నాలుగేళ్ళు ఇంట్లో ఉన్నాను. ఒకసారి చెప్పు తెగితే రెండు వారాల పాటు పిన్నీసు పెట్టుకుని నడిచాను. మా ఇంట్లో డబ్బు లేక కాదు, మావారు కాదంటారనీ కాదు. అడగడానికి నోరు రాలేదు, అంతే. రెండు వారాల తరువాత ఆ పిన్నీసు చూసి ఆయన బాధపడిన తీరు నాకింకా గుర్తుంది. తప్పు ఎవరిదీ కాదు, మేము ముందుగా కూర్చుని మాట్లాడుకోలేదు, అదే లోపం. అందుకే మిమ్మల్ని వేడుకుంటున్నాను, రాజీనామా లేఖ రాయకముందే ఈ సంభాషణ జరగాలి.

చేయవలసింది ఇది. జీతం పడిన రోజే ఇంటి ఖర్చుల మొత్తం మీ ఖాతాలోకి దానంతటదే వెళ్ళేలా మీవారు బ్యాంకులో ఏర్పాటు చేయాలి. సరుకులు, బడి ఫీజు, పాలబిల్లు మీరే చెల్లిస్తారు, ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు. చీటీ అయిపోయాక మిగిలే 5,000లో ఇద్దరికీ చెరి 1,000 సొంత ఖర్చులకు, లెక్క చెప్పనవసరం లేని డబ్బుగా ఉండాలి. ఇద్దరికీ సమానంగా ఉండాలన్నది నా పట్టుదల. మీరు ఆదాయపు పన్ను కట్టినవారు కాకపోతే అటల్ పెన్షన్ యోజనలో చేరవచ్చు, 30 ఏళ్ళ వయసులో నెలకు 577 కడితే 60 నిండాక నెలకు 5,000 పింఛను వస్తుంది. పన్ను కట్టి ఉంటే అందులో చేరే వీలులేదు, మీ పేరు మీద పీపీఎఫ్ (ప్రజా భవిష్య నిధి) పొదుపు ఖాతా తెరిచి ఏడాదికి కనీసం 500 అయినా వేయండి. మిగిలినది టర్మ్ ప్రీమియానికీ, కూలర్ బిల్లుకూ సరిపోతుంది.

ఇది భర్త దయ అని మీకెప్పుడైనా అనిపిస్తే ఒక తీర్పును గుర్తు చేసుకోండి. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద కేసులో గృహిణి శ్రమకు ఆదాయం లెక్కకట్టి పరిహారం ఇవ్వవలసిందేనని సుప్రీంకోర్టు చెప్పింది, ఆ విషయమై విడిగా అభిప్రాయం రాసింది మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వేలో ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. పిల్లల ఆలనాపాలనా అందులో కలపలేదు, దాని లెక్క వేరు. మీవారి జీతం వెనక మీ పని ఉంటుంది, కాబట్టి ఆ 62,000 మీ ఇద్దరి ఇంటి ఆదాయం.

ప్రశ్న: మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు, చేతికి 48,000 వస్తుంది. ఇద్దరు చిన్నపిల్లలను చూసుకుంటూ ఏడాదిగా నేను ఇంట్లో ఉంటున్నాను. ఎంత జాగ్రత్తపడినా 20వ తేదీకల్లా డబ్బు అయిపోయి, వీధి చివరి కిరాణా కొట్టులో ఖాతా రాయిస్తున్నాను. ఇప్పుడు అక్కడ 3,400 ఉంది. పోయిన నెల లెక్కల పుస్తకం నకలు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ పుస్తకం చక్కగా ఉంది, నెలసరి సరుకులలో తీసేయవలసింది ఏమీ లేదు. కారణం వేరే చోట ఉంది. పాల ప్యాకెట్ కోసమో కొత్తిమీర కోసమో మీరు సాయంత్రం కొట్టుకు వెళ్ళిన ప్రతి రోజూ పక్కన మరో పద్దు ఉంది: బిస్కెట్లు 30, చిప్స్ 20, పిల్లల జ్యూసు 20. నేను కూడితే 22 రోజులకు 1,540 అయింది. పిల్లలను ఎత్తుకుని కొట్టుకు వెళితే వాళ్ళు చేయి చాపకుండా ఉండరు, మీరు కాదనలేరు, ఏ తండ్రి అయినా అంతే. పాలు పొద్దున్నే ఇంటికి వేయించుకోండి, కూరగాయలకు వారానికి రెండుసార్లు రైతు బజారుకు వెళ్ళండి, ఆదివారం కాసిని జంతికలో చెక్కలో వండి డబ్బాలో పెట్టుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఆర్టీసీ సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం, కానీ మీ ఆవిడ ఆటోకు నెలకు 1,800 పెడుతున్నారు. రాత్రి డ్యూటీలకు ఆటో ఉండనివ్వండి, పగటి డ్యూటీలకైనా బస్సు కుదురుతుందేమో ఆవిడను అడగండి.

కిరాణా బాకీ ఒకేసారి తీర్చాలని చూడకండి, ఆ నెల మళ్ళీ అక్కడికే వెళతారు. రెండు నెలలు 1,700 చొప్పున ఒకటో తేదీనే కట్టేసి, ఖాతా పుస్తకాన్ని కొట్టులో వదలకుండా ఇంటికి తెచ్చుకోండి.