చిన్న డాట్ నుంచి పెద్ద డాట్‌కి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

క్వాంటం డాట్ల మీద, అంటే వెలుగు చిమ్మే నానోమీటర్ల సైజు సెమీకండక్టర్ రేణువుల మీద, నీ వ్యాసం చదివాను. 2023 నోబెల్‌తో మొదలుపెట్టావు. క్వాంటం డాట్లనగానే అందరూ అక్కడే మొదలుపెడుతున్నారు, అది తీసేయ్. అసలు పేచీ రెండో పేరాలో ఉంది: "చిన్న డాట్ వెలుగు చిమ్ముతుంది, పక్కనున్న పెద్ద డాట్ దాన్ని పట్టుకుంటుంది." వినడానికి బాగుంది కానీ తప్పు. ఒకప్పుడు నేనూ అచ్చం ఇలాగే రాసి, ఒక ఫిజిక్స్ మాస్టారి చేత పోస్టు కార్డు మీద చీవాట్లు తిన్నాను.

డాట్లు కొద్ది నానోమీటర్ల ఎడంలో ఉంటే ఫోటాన్, అంటే వెలుగు కణం, బయటికే రాదు. చిన్నదానిలోని విద్యుత్ ఊపు తన చుట్టూ ఉన్న క్షేత్రంతో పెద్దదాన్ని కదిలిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త ఫోర్‌స్టర్ 1940లలో అణువుల విషయంలో చెప్పిన లెక్కే ఇక్కడా నడుస్తుంది.

ఫోటాన్ రాలేదని ఎలా తెలిసింది? పాఠకుడు అడిగేది ఇదే. 1996లో అమెరికాలోని ఎంఐటీలో రసాయన శాస్త్రవేత్త బావెండి బృందం 3.85, 6.2 నానోమీటర్ల కాడ్మియం సెలెనైడ్ డాట్లను కలిపి పల్చటి పొరగా పరిచింది. చిన్నవాటి వెలుగు తగ్గి పెద్దవాటిది పెరిగింది. ఇంతే అయితే నీ వాక్యమూ చెల్లేది. కానీ చిన్నవాటి వెలుగు మామూలుకంటే త్వరగా ఆరిపోయింది కూడా. బయటపడ్డ ఫోటాన్‌ని పెద్దది మింగితే చిన్నదాని ఆయువు తగ్గదు. డబ్బాలో పడ్డ ఉత్తరాన్ని ఎవరు చదివితే మాత్రం రాసినవాడి చెయ్యి ఆగుతుందా? ఆయువు తగ్గిందంటే, వెలుగు కాకముందే శక్తికి ఇంకో దారి దొరికిందన్నమాట. ఈ సంగతిని నువ్వు చివర్లో అరముక్కలో తేల్చేశావు. ముందుకు తెచ్చి తీరిగ్గా రాయి.

ఒకే దారానికి వేలాడే రెండు లోలకాల పోలిక నాకు నచ్చింది. అయితే లోలకాల్లో ఊపు మళ్లీ మొదటిదానికే తిరిగొస్తుంది. డాట్లలో రాదు. పెద్దదానికి చేరిన శక్తిలో కొంత వెంటనే వేడిగా పోతుంది, మిగిలింది వెనక్కి ఎక్కడానికి చాలదు. పోలిక ఎక్కడ తెగుతుందో నువ్వే చెప్పేయ్, పాఠకుడు పట్టుకునేదాకా ఆగకు.

"దూరం ఆరో ఘాతం" అని వదిలేస్తే ఎవరికీ ఎక్కదు. దూరం రెట్టింపైతే శక్తి అందే వేగం అరవై నాలుగో వంతుకి పడిపోతుందని చెప్పు. సగం శక్తి అందే దూరం 5 నానోమీటర్లనుకో. 10కి జరిపితే నూటికి ఒకటిన్నర పాళ్లే అందుతుంది. ఇది డాట్‌కీ డాట్‌కీ మధ్య లెక్క. శక్తిని అందుకునేది డాట్ కాక పల్చటి పలకైతే నాలుగో ఘాతం, రెంటినీ కలిపేయకు.

సంక్రాంతికి వస్తావుగా, వ్యాసం తీసుకురా. రెండు తాళంచెవులు దారానికి కట్టి ఊపి చూద్దాం. నిన్న కడితే మీ అత్తయ్య విప్పేసింది.