పావురం రక్తపు స్మియర్‌లో మెరిసే చుక్కలు: సమాధానం

మీ పావురం స్మియర్‌లో (గాజు స్లయిడ్‌పై పలుచగా పరిచిన రక్తంలో) ఎర్రకణాల నిండా కనిపించాయన్న మెరిసే చుక్కలు పరాన్నజీవులా అని అడిగారు. అవి చాలావరకు పరాన్నజీవులు కావు, చెన్నై గాలిలోని తేమ వల్ల ఏర్పడిన ఖాళీలే అయి ఉంటాయి. మైక్రోస్కోప్ ఫోకస్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పినప్పుడు చుక్క తళుక్కున మెరిసి నల్లబడితే అది తేమ గుర్తే. పావురాల ఎర్రకణాల్లో ఉండే పరాన్నజీవి హీమోప్రోటియస్ అలా మెరవదు. అది ఎర్రకణంలో కోలగా ఉండే కేంద్రకాన్ని చుట్టుకొని వంగి, లోపల ముదురు గోధుమరంగు రేణువులతో కనిపిస్తుంది.

1. స్మియర్ తీసిన వెంటనే హెయిర్ డ్రయ్యర్ చల్లగాలితో ఆరబెట్టండి.

2. చాలామంది పట్టించుకోనిది మిథనాల్‌ను (స్మియర్‌ను స్లయిడ్‌పై స్థిరపరిచే ఆల్కహాల్‌ను). మూత తీసి ఉంచిన జాడీలో అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీరే కణాల్లో ఈ ఖాళీలను మిగులుస్తుంది కనుక, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానల్లో, ఏ రోజుకారోజు కొత్తగా పోసుకొని, జీమ్సా రంగు వేయడానికి ముందు స్లయిడ్‌ను అందులో 5 నిమిషాలు ఉంచండి. ఖర్చు ఎక్కువనిపించినా చిన్న సీసాలు కొనడమే మేలు.

3. తర్వాత చూస్తానన్న తాబేలు రక్తాన్ని ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ఉన్న గొట్టంలో వేయకండి, ఎర్రకణాలు చిట్లిపోవచ్చు. గడ్డకట్టకుండా ఆపడానికి దాని బదులు లిథియం హెపారిన్ వాడండి. అయితే హెపారిన్ వల్ల స్మియర్‌కు నీలిఛాయ వస్తుంది కాబట్టి, సూదిలోని తాజా రక్తంతోనే ముందుగా స్మియర్ తీయండి.