పెరట్లోకి వచ్చిన అలుగు ఎవరిది?

ప్రశ్న: మా ఇల్లు ఊరి చివర ఉంటుంది. వెనక పెరడు, దాని వెనక చింతతోపు, ఆ పైన గుట్ట. నిన్న రాత్రి కుక్కలు ఆపకుండా మొరుగుతుంటే టార్చిలైటు వేసి చూశాం. కట్టెల మోపు పక్కన ఒళ్లంతా పొలుసులున్న జంతువు బంతిలా చుట్టుకుని పడి ఉంది. మా మరిది దాన్ని ఖాళీ నీళ్ల డ్రమ్ములో వేసి, పైన చెక్క, చెక్క మీద రాయి పెట్టాడు. తెల్లారేసరికి వీధంతా మా ఇంటికే వచ్చింది. అలుగు అని పెద్దవాళ్లు చెప్పారు. ఎవరో వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టారు. మధ్యాహ్నం ఒకతను ఫోన్ చేసి పెద్ద మొత్తం ఇస్తాను, ఎవరికీ చెప్పవద్దన్నాడు. మా మరిది ‘మన పెరట్లోకి వచ్చింది కాబట్టి మనదే’ అంటున్నాడు. మా వారు రాత్రికి గుట్ట మీద వదిలేసి వస్తానంటున్నారు. అటవీ శాఖకు చెబుదామని నేనంటే, చెబితే మన మీదే కేసు పెడతారని ఇద్దరూ భయపెడుతున్నారు. ఎవరి మాట సరైనది?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముగ్గురిలో మీ మాటే సరైనది. మెయిల్ అందిన పూటే మీకు విడిగా చెప్పిన మాటను ఇక్కడ మళ్లీ రాస్తున్నాను: ముందు అటవీ శాఖకు ఫోన్ చేయండి, చట్టం సంగతి తరవాత చదువుకోవచ్చు. ఇలాంటి వ్యవహారాల్లో జంతువు మీ ఇంటికి రావడం నేరం కాదు. వచ్చాక గడిచే గంటల్లో మీరేం చేశారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

మొదట మీ మరిది వాదన చూద్దాం. అది మరీ తలాతోకా లేని వాదనేమీ కాదు. పాత ఇంగ్లీషు న్యాయసూత్రాల ప్రకారం ఒకరి భూమిలో చంపిన వేటజంతువు ఆ భూయజమానికే చెందేది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఆ దారి మూసేసింది. స్వేచ్ఛగా తిరిగే అడవి జంతువు ఎవరి సొత్తూ కాదు. దాన్ని వేటాడినా, బంధించినా, చచ్చిపడి ఉండగా దొరికినా 39వ సెక్షన్ ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి. మీ పెరటి పట్టా మీ పేరున ఉన్నంత మాత్రాన అందులోకి నడిచి వచ్చిన అలుగు మీద మీకు ఏ హక్కూ రాదు. ఊడిపడిన పొలుసు ఒకటి దాచుకున్నా లెక్క ఒకటే. (రాలిన నెమలి ఈకలను పుస్తకాల్లో పెట్టుకునే పిల్లలు కంగారు పడనక్కర్లేదు. తోక ఈకల విషయంలో చట్టం కొంత ఉదారంగానే ఉంది.)

ఇక డ్రమ్ము. మీ ఇంట్లో ఎవరూ దాన్ని తప్పనుకుని ఉండరు. కుక్కల బారి నుంచి కాపాడామనే అనుకుని ఉంటారు, అందులో నిజం కూడా ఉంది. కానీ ఈ చట్టంలో వేట అంటే తుపాకీ పట్టుకుని అడవికి వెళ్లడం ఒక్కటే కాదు. చంపడం, విషం పెట్టడంతో పాటు పట్టుకోవడం, ఉచ్చు వేయడం, ఎరవేయడం, తరమడం, ఆ ప్రయత్నాలు చేయడం కూడా వేటే. పక్షులు, సరీసృపాల విషయంలో గుడ్లను, గూళ్లను కదిలించినా వేటే. ఆ నిర్వచనాన్ని అక్షరాలా చదివితే డ్రమ్ము మీద రాయి పెట్టిన క్షణంలోనే మీ మరిది దాని పరిధిలోకి వచ్చారు. పైగా ఒక అడవి జంతువును తాత్కాలికంగానైనా నిర్బంధిస్తే, జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 దృష్టిలో అది ‘బందీగా ఉన్న జంతువు’ అవుతుంది. అప్పటి నుంచి దానికి గాలి, నీరు, తగినంత చోటు లేకుండా చేయడం మరో నేరం. మూతపెట్టిన డ్రమ్ములో అలుగు రాత్రంతా గోళ్లతో అడుగు గీరుతూనే ఉంటుంది. చీమల పుట్టలను, చెదపుట్టలను తవ్వి బతికే ప్రాణి అది. నోట్లో పళ్లు ఉండవు, పొడవాటి నాలుకతో చీమలను అందుకుంటుంది. మీరు పెట్టే పాలు, అన్నం దానికి తిండి కాదు. బంధిస్తే బెదురుతోనే చచ్చిపోయే జంతువుల్లో ఇదొకటి. మీ చేతుల్లో అది చస్తే వ్యవహారం ఇంకా చిక్కుపడుతుంది.

మరి కేసు పెడతారా? పెట్టే అధికారం వాళ్లకు లేదని చెబితే మిమ్మల్ని మభ్యపెట్టినట్టే. తనంతట తాను వచ్చి చెప్పినవారికి మాఫీ అని ఈ చట్టంలో ఎక్కడా రాసి లేదు. అయితే ప్రభుత్వ ఆస్తి ఏ విధంగానైనా చేతికి వచ్చినవారు 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీసు స్టేషనుకు గానీ, అధీకృత అధికారికి గానీ తెలియజేయాలని, అడిగితే అప్పగించాలని 39వ సెక్షనే చెబుతోంది. ఆ గడువులోగా మీరే ఫోన్ చేశారంటే దాచే ఉద్దేశం మీకు లేదనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. కుక్కల నుంచి కాపాడి, తెల్లారాక తామే పిలిచి అప్పగించిన కుటుంబం మీద అభియోగం మోపాలని సాధారణంగా ఏ అధికారీ ఉబలాటపడడు. వాళ్లకు కావలసింది ప్రాణంతో ఉన్న అలుగు. రేపు ఇంకో ఇంట్లో ఇంకో జంతువు కనిపించినా జనం ధైర్యంగా ఫోన్ చేయాలని కూడా వాళ్లకు ఉంటుంది.

గడువు దాటాక, వీడియో చూసి వాళ్లే వెతుక్కుంటూ వచ్చారనుకోండి. అప్పుడు కథ తిరగబడుతుంది. అడవి జంతువు మీ అధీనంలో ఉందని తేలితే, అది అక్రమంగా ఉన్నట్టే 57వ సెక్షన్ కింద కోర్టు భావిస్తుంది. కాదని నిరూపించుకునే బరువు మీ మీదే పడుతుంది. మామూలు క్రిమినల్ కేసుల్లో నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషను. ఇక్కడ ఆ వెసులుబాటు సగం పోతుంది. అలుగు మొదటి షెడ్యూలులోని ప్రాణి, అంటే అత్యున్నత రక్షణ ఉన్న వర్గం. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక, ఈ షెడ్యూలు ప్రాణుల విషయంలో నేరం రుజువైతే 3 ఏళ్లకు తగ్గకుండా 7 ఏళ్ల దాకా జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. ‘తగ్గకుండా’ అన్న మాట గుర్తుంచుకోండి. కనీస శిక్ష ఉన్న నేరాన్ని డబ్బు కట్టి రాజీ చేసుకోవడం కుదరదు. ‘ఏదో కాస్త ఫైను కట్టేస్తే పోతుంది’ అని మీ వీధిలో ఎవరైనా అంటే నమ్మకండి.

మీ వారి ఆలోచనలో చెడ్డ ఉద్దేశం లేదు. అయినా వద్దు. కుక్కలు కరిచి ఉంటే పొలుసుల కింద గాయం పైకి కనబడదు. పశువైద్యుడు చూడకుండా వదిలితే అది గుట్ట మీదే చచ్చిపోవచ్చు. చట్టం వైపు నుంచి చూస్తే ఇంకా ఇబ్బంది. రాత్రి 11 గంటలకు బైకు మీద గోనెసంచిలో అలుగుతో దారిలో దొరికిన మనిషి ‘వదిలేయడానికే తీసుకెళ్తున్నానండీ’ అంటే, వినే అధికారి ఆ మాట అంతకుముందు చాలా మంది నోట విని ఉంటాడు.

ఫోన్ చేసిన వ్యక్తి సంగతి మాత్రం నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించింది. అలుగు పొలుసుల్లో ఉన్నది మన గోళ్లలో ఉండే కెరటినే. అందులో మందూ లేదు, మహిమా లేదు. అయినా వాటి కోసం దేశాలు దాటి దొంగవ్యాపారం నడుస్తోంది. అలుగు జాతులన్నిటి అంతర్జాతీయ వాణిజ్యాన్ని నిషేధించే నిర్ణయం 2016లో జరిగింది, 2017 నుంచి అమల్లో ఉంది. మీ మరిది బేరం కుదుర్చుకోకపోయినా, ‘ఎంతిస్తావు’ అని అడిగి మాట సాగించినా ప్రమాదమే. 52వ సెక్షన్ ప్రకారం ప్రయత్నం, ప్రోత్సాహం కూడా అసలు నేరంతో సమానం. అవతలివాడు నిజంగా కొనేవాడే కావచ్చు, కొనేవాడిలా మాట్లాడే అధికారీ కావచ్చు. నిఘా అధికారులు ఆ పద్ధతి వాడుతూనే ఉంటారు. ఆ నంబరు చెరిపేయకండి. తిరిగి ఫోన్ చేయకండి. వచ్చిన అధికారికి చూపించండి, మీ నిజాయితీకి అది కూడా ఆధారమవుతుంది. వీడియోను ఇకపై ఎవరికీ పంపవద్దని ఇంట్లో వాళ్లకు చెప్పండి. అటువంటి వీడియో కొనేవాళ్లకు మీ ఇంటి చిరునామా ఇచ్చినట్టే.

ఇదే ధోరణిలో పాఠకుల నుంచి ఇంకా ప్రశ్నలు వస్తుంటాయి కాబట్టి వాటినీ ఇక్కడే తేల్చేస్తాను. ఉడుము, కొండచిలువ, నక్షత్ర తాబేలు, దేవాంగ పిల్లి కూడా మొదటి షెడ్యూలులోనివే. అదృష్టమని ఇంట్లో నక్షత్ర తాబేలు పెంచుకునేవాళ్లు, ‘మేం కొనలేదు, వర్షాకాలంలో అదే వచ్చింది’ అంటారు. అదే వచ్చినా మీరు ఉంచుకోవడానికి వీల్లేదు. అటక మీద పునుగు పిల్లి పిల్లలు కనిపిస్తే తీసి పెంచబోకండి, తల్లి మేతకు వెళ్లి ఉంటుంది. పిల్లలు నడిచే దాకా అటక వదిలేయడం ఉత్తమం. చప్పుడు భరించలేకపోతే అటవీ సిబ్బందిని పిలవండి. రెండు తలల పాముకు లక్షలు ఇస్తామనే ముఠాల గురించి వేరే చెప్పనక్కర్లేదు. దానికి ఉన్నది ఒకటే తల, మొద్దుగా ఉండే తోకను జనం రెండో తల అనుకుంటారు. కొంటామనేవాడు మోసగాడు, అమ్మబోయేవాడు నేరస్థుడు.

‘మా ప్రాణం మీదికి వస్తే కూడా ఊరుకోవాలా’ అని అడిగేవారున్నారు. అక్కర్లేదు. తనను గానీ, వేరొకరిని గానీ కాపాడుకోవడానికి సద్భావంతో జంతువును చంపినా, గాయపరిచినా నేరం కాదని 11వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. పిల్లవాడి మంచం పక్కన పడగ విప్పిన నాగుపామును కొట్టిన తల్లిని ఎవరూ శిక్షించరు. చచ్చిన పాము మాత్రం ప్రభుత్వ ఆస్తే, కబురు చేయాల్సిందే. అయితే ఈ రక్షణ మనుషుల ప్రాణానికే గానీ ఆస్తికి వర్తించదు. కోడిపిల్లలను ఎత్తుకుపోతోందని ఉడుమును కొట్టి చంపితే 11వ సెక్షన్ మిమ్మల్ని ఆదుకోదు. గూటికి సన్న వల బిగించుకోవడం మీ హక్కు, ఉచ్చు పెట్టడం కాదు. పెరటి చుట్టూ కరెంటు తీగ చుట్టేవాళ్లయితే ఆ ఆలోచన ఈ క్షణమే మానుకోండి. అలాంటి తీగలకు జంతువుల కన్నా ముందు పక్కింటివాళ్లు తగులుకున్న సందర్భాలు ఉన్నాయి, అప్పుడు పడే కేసు వన్యప్రాణులది కాదు, మనిషి ప్రాణానిది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. మీ పరిధిలోని ఫారెస్టు రేంజి కార్యాలయానికి ఫోన్ చేయండి. నంబరు దొరకకపోతే 112కు చేసి విషయం చెప్పండి, వాళ్లు కలుపుతారు. ఏ సమయంలో, ఎవరితో మాట్లాడారో కాగితం మీద రాసి ఉంచండి, ఫోనులోని కాల్ వివరాలు చెరపకండి. వాళ్లు వచ్చేలోగా చెక్క కాస్త జరిపి గాలి ఆడనివ్వండి, డ్రమ్మును నీడకు చేర్చండి, జనాన్ని పంపించేయండి, కుక్కలను కట్టేయండి. జంతువును బయటికి తీసి చూపించమని ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు. ఫోన్ చేసిన మాటలతో సరిపెట్టకుండా ఒక దరఖాస్తు కూడా రాసి పెట్టండి: రాత్రి ఏం జరిగింది, ఎందుకు డ్రమ్ములో ఉంచాం, ఎప్పుడు సమాచారం ఇచ్చాం. నాలుగు వాక్యాలు చాలు. నకలు మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి.

సిబ్బంది జంతువును తీసుకెళ్లేటప్పుడు పంచనామా రాస్తారు. అందులో జంతువు ప్రాణంతో ఉందని, గాయాలుంటే అవి కుక్కల వల్ల అయ్యాయని రాయమని అడగండి. మీ మరిదిని వివరణ కోసం పిలిస్తే వెళ్లాలి, జరిగింది జరిగినట్టే చెప్పాలి. డబ్బు ఇస్తానన్న ఫోన్ సంగతి దాచకూడదు. సహాయ అటవీ సంరక్షణాధికారి, ఆపై హోదాలో ఉన్న అధికారి నిందితుడి ఎదుట నమోదు చేసిన సాక్ష్యం 50వ సెక్షన్ ప్రకారం కోర్టులో చెల్లుతుంది. ‘అప్పుడేదో కంగారులో అన్నాను’ అని తరవాత వెనక్కి తీసుకోవడం తేలిక కాదు. కాబట్టి సంతకం పెట్టే ముందు కాగితమంతా చదువుకోమనండి, చదవడం రాకపోతే పైకి చదివి వినిపించమని అడగమనండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం పెట్టవద్దు.