మెల్లకన్ను అంటే ఆపరేషనేనా?

మూడేళ్ల పాపకు ఒక కన్ను ముక్కు వైపు తిరుగుతోందని, ఆపరేషన్ తప్పదా అని అడిగారు. మా బాబుకీ అదే. మాది కావలి. నన్నడిగితే ముందు అద్దాలు, ఆపరేషన్ మాట ఆ తర్వాతే.

మావాడికి రెండున్నరేళ్లప్పుడు బొమ్మల పుస్తకం చూస్తుంటే ఎడమ కన్ను లోపలికి పోయేది. "మెల్లకన్ను అదృష్టంలే" అంది మా అత్త. ఆ అదృష్టానికి ఏడాది పోగొట్టుకున్నాం. నాలుగు నెలలు దాటిన బిడ్డకు కన్ను తిరుగుతుంటే డాక్టరుకు చూపించాల్సిందే. చెన్నైలో కంట్లో మందేసి చూస్తే ప్లస్ అయిదు పవర్! అద్దాలు పెట్టిన నెలకు కన్ను నిలబడింది. తీస్తే మళ్లీ తిరిగేది. అది మామూలే, టెన్షన్ పడొద్దు.

అసలు కష్టం ప్యాచ్‌తో వచ్చింది. తిరిగే కంటిని మెదడు పక్కన పెట్టేసింది, దాంట్లో చూపు తగ్గింది. అందుకని కుడి కన్ను రోజుకు రెండు గంటలు మూయమన్నారు. "ఏందమ్మే ఇది, బాగుండే కన్ను మూసి బాగలేని కంటితో చూడమంటారా?" అని మా అత్త గొడవ. వాడు గోడ తడుముకుంటూ పోయి ఆమె కొంగు పట్టుకున్నాడు. సాయంత్రం చూస్తే ప్యాచ్ ఆమె మంచం కోడుకు అంటించి ఉంది.

చివరికి ఆ పని ఆమెకే అప్పగించా. ప్యాచ్ వేసుకుని నాయనమ్మతో కందిపప్పులో రాళ్లు ఏరాలి. మొదట్లో పప్పూ రాయీ ఒకే గిన్నెలో వేసేవాడు. కొన్ని నెలలకు ఆమె ఏరిన చేటలో తప్పులు పట్టాడు. యూట్యూబ్‌లో కళ్లు గుండ్రంగా తిప్పే వ్యాయామాల కంటే ఆ చేటే నయం.

అద్దాలతో నిలబడకపోతే ఆపరేషనే. గుడ్డు బయటికి తీస్తారని మా వీధిలో అంటారు, అదంతా ఒట్టిది. కంటిని కదిపే కండరాలను సరిచేస్తారు, అంతే. పెద్దయ్యాక లాభం లేదనే మాటా నమ్మొద్దు. మా తమ్ముడు ముప్ఫై దాటాక చేయించుకున్నాడు, ఇప్పుడు సూటిగా చూస్తాడు.

నా కోపమంతా అద్దాల షాపు మీద. "ఎదిగే పిల్లోడు గదా, పెద్ద ఫ్రేమ్ తీసుకోండి" అన్నాడు, స్కూలు యూనిఫాం అమ్మినట్టు. అది ముక్కు మీదికి జారితే పైనుంచి చూసేవాడు, ఇంక పవర్ ఎందుకు? ముఖానికి సరిపడేది తీసుకుని, వెనక తాడు కట్టించండి. మావాడి మొదటి జత తుమ్మలపెంట సముద్రంలో ఉంది.